ఏడాది నేర్చుకున్నా సొంతంగా వెబ్ పేజీ రావట్లేదా?

ఉద్యోగం చేస్తూ ఏడాదిగా వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాను, వీడియో చూస్తూ చేస్తే అన్నీ వస్తున్నాయి, ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడట్లేదు అని మీరు అన్నారు. ఏడాదంతా వేరేవాళ్లు తీసుకున్న నిర్ణయాలను టైప్ చేయడమే దీనికి కారణం. ఉద్యోగం చేస్తూ వెబ్ డిజైన్ నేర్చుకునే చాలామందికి మొదటి ఏడాది ఇలాగే గడుస్తుంది. టెన్షన్ వద్దు.

1. ఇప్పుడే కొత్త కోర్సు మొదలుపెట్టకండి.

2. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వీడియోలు చూస్తున్నానన్నారు కదా, ఆ టైంలో కాగితం మీద గీయండి. మీ వీధి టిఫిన్ సెంటర్‌కి ఒక పేజీ: పేరు, మెనూ, ధరలు, వేళలు.

3. అందరూ దాటేసే మెట్టు ఇదే. రంగులు, ఫాంట్లు ముట్టుకోకుండా ముందు ఉత్త హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏమేం ఉండాలో చెప్పే కోడ్) రాయండి. సీఎస్ఎస్ (రంగులు, ఫాంట్లు, అమరిక చెప్పే కోడ్) ఒక్క లైను లేకపోయినా పేజీ పైనుంచి కిందికి చదివితే అర్థం కావాలి. హెడింగులు, లిస్టులు సరిగ్గా పడ్డాయా చూసుకోండి. అది కుదిరాకే చిన్న ఫోన్‌కి, అంటే 320 పిక్సెల్స్ వెడల్పుకి సరిపెట్టండి. పెద్ద స్క్రీన్ సంగతి ఆ తర్వాత.

4. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తే, హెడ్‌లో, అంటే ఫైల్ పైభాగంలో, వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఫోన్ వెడల్పుకి చూపించమని బ్రౌజర్‌కి చెప్పే లైను) ఉందో లేదో చూడండి.

5. ఎక్కడైనా ఇరుక్కుంటే ఎండీఎన్ అనే వెబ్ కోడ్ వివరాల సైట్‌లో ఆ ఒక్క సీఎస్ఎస్ ప్రాపర్టీ (రంగు, వెడల్పు లాంటి సెట్టింగ్) గురించి చదవండి. ఉచితమే.

ఆఫీసులో పని ఎక్కువున్న వారం ఆపేసినా ఫర్వాలేదండీ. మూడో మెట్టు దగ్గర ఆగితే కోడ్ పెట్టండి, చూసి చెప్తాను.