రీ: సగటు ప్రకారం మనుషులు సరిపోతున్నారు, అయినా కాల్స్ వెయిటింగ్‌లోనే

మీ కాల్ సెంటర్‌లో రోజు మొత్తం కాల్స్ సగటు చూసి షిఫ్టులు వేస్తున్నా, అయినా కాలర్లు వెయిటింగ్‌లోనే ఉంటున్నారు అన్నారు కదండీ, తేడా అక్కడే కొడుతోంది. ఆ సగటు పక్కన పెట్టేసి డేటాని అరగంట ముక్కలుగా విడగొట్టి చూడండి, సోమవారం పొద్దున రష్ ఎంతో బుధవారం మధ్యాహ్నం ఖాళీ ఎంతో మీకే కనిపిస్తుంది.

ఉదాహరణకి అరగంటలో 30 కాల్స్, ఒక్కోదానికి 6 నిమిషాలు అనుకోండి, అంటే 180 నిమిషాల పని, లెక్కకి 6 మంది చాలు అనిపిస్తుంది, కానీ కాల్స్ వరసగా రావు కదా, ఒక్కసారిగా నాలుగు వచ్చి పడతాయి, అందుకే ఆరుగురితో క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఎర్లాంగ్ సి ఫార్ములాలో (ఇంతమంది ఉంటే కాలర్ ఎంతసేపు ఆగాలో అంచనా వేసే లెక్క) వేస్తే 7 మందికి సగటు వెయిటింగ్ మూడున్నర నిమిషాల పైనే, 8 మందైతే దాదాపు ఒక నిమిషం! ఒక్క మనిషితో ఇంత తేడా అని మీ మేనేజర్‌కి ఈ రెండు అంకెలే చూపించండి.

ఇంకోటి, సీట్లో 8 మంది ఉండాలంటే రోస్టర్‌లో (డ్యూటీ లిస్టులో) 8 వేస్తే కుదరదు. సెలవులు, బ్రేకులు, ట్రైనింగ్ కలిపి 25 శాతం పోతే 8ని 0.75తో భాగించాలి, 10.67 వస్తుంది, అంటే 11 మంది. ఆ శాతం మాత్రం మీ హాజరు రికార్డుల్లోంచే తీయండి, ఊహించి వేయొద్దు.