సెక్షన్‌కి బెల్టు తుపాకీ కావాలా, రైఫిల్ చాలా?

ప్రశ్న: సుబేదారు గారూ, నమస్కారం. నేను డిగ్రీ రెండో ఏడు, ఎన్‌సీసీ కేడెట్‌ని. అమెరికా మెరైన్లు సెక్షన్‌లోంచి, అంటే చిన్న సిపాయి జట్టులోంచి, ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్‌గన్) తీసేసి ఎం27 ఆటోమేటిక్ రైఫిల్ ఇచ్చారట. మనమేమో ఇజ్రాయెల్ నుంచి నెగెవ్ ఎల్‌ఎంజీలు కొన్నాం. ఎవరిది సరైన దారి?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: బాబూ, చేరిన కొత్తలో నేను ఎల్‌ఎంజీ నంబర్ టూని. పాత బ్రిటిష్ మెషిన్‌గన్ బ్రెన్‌ని 7.62 మిల్లీమీటర్ల గుండుకు మార్చిన తుపాకీ అది. నంబర్ వన్ కాలుస్తుంటే ఎడమ పక్కన బోర్లా పడుకుని, పైనున్న మ్యాగజైన్ (గుళ్ల పెట్టె) లాగి ఇంకోటి పెట్టడం నా పని. మ్యాగజైన్‌కి 30 గుళ్లు. నాలుగైదు బర్స్టులు, అంటే గుళ్ల జల్లులు, వేస్తే ఖాళీ. మార్చే ఆ రెండు మూడు క్షణాలు తుపాకీ నోరు మూతపడేది. "ఇప్పుడే వాడు తలెత్తుతాడు!" అని ఉస్తాద్ వెనకనుంచి అరిచేవాడు. నీ ప్రశ్నకు అసలు జవాబు ఆ అరుపులోనే ఉంది. మనవాళ్లు లేచి పరిగెత్తాలంటే అవతలివాడి తల నేలకి అతుక్కునే ఉండాలి.

ఇంకో సంగతి, వేడి. ఎడతెగకుండా కాల్చాక బ్యారెల్‌ని దాని చెక్క పిడి పట్టుకుని ఊడదీసి పక్కన పెడితే, కిందున్న ఎండుగడ్డి పొగలు కక్కేది. వెంటనే రెండో బ్యారెల్ బిగించేవాళ్లం. ఎం27కి ఆ వీలు లేదు. దాని మ్యాగజైన్‌కీ 30 గుళ్లే.

అలాగని మెరైన్లు తెలివితక్కువ పని చేయలేదు. వాళ్ల పాత ఎల్‌ఎంజీ ఎం249, రెండొందల గుళ్లు వరసగా గుచ్చిన బెల్టుతో కలిపి 10 కిలోలు తూగుతుంది. ఎం27 ఖాళీగా మూడున్నర కిలోల పైచిలుకు. ఇళ్లలోకి దూరి పోరాడేటప్పుడు ఆ తేడా ప్రాణమంత విలువైనది. పైగా ఎం249లో ట్రిగ్గర్ నొక్కాక బరువైన బోల్టు (గుండును బ్యారెల్‌లోకి తోసి మూసే ఇనుప ముక్క) ముందుకు దూకి, ఆ తర్వాతే గుండు పేలుతుంది, గురి చెదురుతుంది. ఎం27లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది, పెట్టిన గురి నిలుస్తుంది. 2011లో దాన్ని తీసుకున్నా, కంపెనీ దగ్గర కొన్ని ఎం249లు ఉంచుకున్నారు. అదే దేశపు ఆర్మీ మాత్రం 2022లో ఎం249 బదులు మళ్లీ బెల్టు తుపాకీనే, 6.8 మిల్లీమీటర్ల ఎక్స్‌ఎం250ని ఎంచుకుంది.

మన సంగతికి వస్తే, మన దేశంలోనే తయారైన ఇన్సాస్ ఎల్‌ఎంజీ పేరుకే మెషిన్‌గన్. 5.56 గుండు, 30 గుళ్ల మ్యాగజైన్. నా దృష్టిలో అది బరువైన రైఫిల్. అందుకే 2020 మార్చిలో 880 కోట్లకు 16,479 నెగెవ్‌లకు ఒప్పందం చేసుకున్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. 7.62 గుండు, బెల్టు, మార్చుకునే బ్యారెల్, కావాలంటే ఒక్కొక్క గుండు కాల్చే సదుపాయం. లోయకి అవతలి గట్టు మీదున్న బంకర్‌ని అణచాల్సిన మన సిపాయికి ఇదే కావాలి. నా ఓటు దీనికే.

కానీ ఆ బరువు ఒక్కడి వీపున వేయకూడదు. మా సెక్షన్‌లో రైఫిల్‌వాడి పౌచ్‌లోనూ రెండు ఎల్‌ఎంజీ మ్యాగజైన్లు ఉండేవి. బయల్దేరే ముందు సెక్షన్ కమాండర్ ఒక్కొక్కరి పౌచ్ చేత్తో తట్టి చూసేవాడు. బెల్టులు వచ్చాకా అలాగే పంచుకోవాలి.