భితర్‌కనికలో పడవ మాట్లాడుకునే ముందు

చిరంజీవి శైలజకు పెద్దమ్మ దీవించి రాసేది.

పిల్లలనూ అత్తమామలనూ తీసుకుని ఒడిశాలోని మడ అడవుల పార్కు భితర్‌కనికకు వెళ్తున్నావనీ, పడవ మొత్తం మీ కుటుంబానికే మాట్లాడుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు రాసుకున్న పట్టిక కూడా చూపించింది. పొద్దున మొసళ్లు, ఆ తర్వాత పక్షులు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం గహిర్మఠలో తాబేళ్లు! ఇంత హడావుడికి విడిగా పడవెందుకు? పదిమందితో కలిసి వెళ్లినా చాలు. సొంతంగా పడవ తీసుకుంటే దక్కే లాభం ఒక్కటే. నచ్చిన చోట ఇంజను ఆపించి, నచ్చినంతసేపు కదలకుండా కూర్చోవచ్చు. నువ్వు అదనంగా ఇచ్చే డబ్బంతా దానికే.

కాబట్టి ముందు నీ పట్టికలోంచి తాబేళ్లను కొట్టేయి. గహిర్మఠ వేరే అభయారణ్యం, 1997లో ప్రకటించారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే దీవులకు పర్యాటకులను పోనివ్వరు. పక్కనే క్షిపణులు పరీక్షించే అబ్దుల్ కలాం దీవి ఉంది. 'నేను చూపిస్తాను, ఆ ఏర్పాటు నాకు వదిలేయండి' అనే గైడు దొరికితే అతన్నే వదిలేయి.

ఇక కాలం. మే, జూన్, జూలై నెలల్లో మొసళ్లు గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి కనుక పార్కు మూసేస్తారు. పార్కులో పక్షులు గూళ్లు కట్టే చోటు బగగహన, అది కొంగల గూళ్లతో కిటకిటలాడేది వర్షాకాలంలో. మొసళ్లు ఒడ్డుకు చేరి ఎండ కాచుకునేది చలికాలంలో. రెండూ ఒకే రోజు నిండుగా దొరకాలనుకోకు. పిల్లల కోసమైతే డిసెంబరు, జనవరి నెలలే నయం. జనవరిలో మాత్రం మొసళ్ల లెక్కింపుకని కొద్ది రోజులు పర్యాటకులను ఆపేస్తారు. ఆ తేదీలు కనుక్కున్నాకే రైలు టికెట్లు తీసుకో. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు భద్రక్‌లో దిగి, రోడ్డు మీద చాంద్‌బాలి చేరి, అక్కడ పడవెక్కితే ఖోలా గేటు నుంచి లోపలికి వెళ్తారు.

అసలు సంగతి పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్లు పైకెక్కడం, మళ్లీ తగ్గడం. అక్కడ నీ గడియారానికి విలువ లేదు. పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు మడచెట్ల మొదళ్ల దాకా వచ్చి బురదగట్లన్నీ మునిగిపోతాయి. మొసలికి పడుకోవడానికి చోటుండదు, నీకు చూడటానికి మొసలీ ఉండదు. పాటు మొదలై గట్లు బయటపడితే ఒక్కొక్కటీ పైకి వస్తాయి. ఉడుములు, లకుముకి పిట్టలు, బురద మీద గెంతే చిన్న చేపలు, నేలలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు, అన్నీ అప్పుడే కనబడతాయి. అలాగని నీళ్లు పూర్తిగా తీసేసేదాకా ఆగితే ఇరుకు పాయల్లోకి పడవ పోదు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక నిన్నటివాళ్లు బయలుదేరిన సమయం నీకు పనికిరాదు.

అందుకే గైడును మాట్లాడేటప్పుడు ఒకే ప్రశ్న వేయి: 'మేము వచ్చే రోజున పోటు ఎన్ని గంటలకు?' వెంటనే చెప్పినా, పట్టిక చూసి చెప్పినా అతను నీకు కావలసిన మనిషి. 'ఎప్పుడొచ్చినా పరవాలేదు' అన్నవాడు అక్కర్లేదు. బయలుదేరే వేళ అతన్నే నిర్ణయించనివ్వు, తెల్లవారుజామున రమ్మన్నా గొణగకు. పడవ అద్దె, ప్రవేశ రుసుము, కెమెరా రుసుము, గైడు కూలి, భోజనం, ఇందులో ఏవి కలిపి చెప్పాడో ముందే కాగితం మీద రాయించుకో. ఇంజను ఆపి ఆగినందుకు అదనంగా అడగకూడదనీ రాయించు.

లోపలికి వెళ్లాక పిల్లలు నీళ్లలో చెయ్యి పెట్టకూడదు, పడవ అంచున కూర్చోకూడదు. ఇందులో బుజ్జగింపులు లేవు. 1975లో కాపాడే పని మొదలుపెట్టినప్పుడు వంద కూడా లేని ఉప్పునీటి మొసళ్లు ఇప్పుడు 1,700 దాటాయి. వాటిలో ఇరవై అడుగులవీ ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లలో స్నానాల రేవుల చుట్టూ కంచెలు కట్టారు, దారిలో కనిపిస్తే గైడును అడిగి ఆ కథ పిల్లలకు చెప్పించు. మొసళ్లు పెరిగినందుకు మనం చప్పట్లు కొడతాం, ఆ రేవులో నీళ్లు ముంచుకునేది ఆ ఊళ్లవాళ్లు. మ్యూజియంలో అద్దాల వెనకున్న ఎముకల కంటే ఆ మాటలే పిల్లలకు గుర్తుంటాయని నా నమ్మకం.

పార్కు లోపల డాంగ్‌మాల్‌లో మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, అక్కడొక గంట చాలు. కనికా రాజుల వేట మంచె దాకా అడవిలో నడవాలి. నువ్వూ పిల్లలూ వెళ్లండి, మీ అత్తగారు పడవలోనే ఉంటారు. చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదు కనుక డాంగ్‌మాల్‌లో దిగినప్పుడు పెద్దవాళ్లు మొహమాటపడకుండా చూడు. ప్లాస్టిక్ సంచులు వద్దు. మీ మామగారికి మోకాళ్ల నొప్పి కదా, పాటు వేళ రేవు మెట్లు బురదతో జారతాయి. ఆయన ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక పక్క నువ్వు, ఇంకో పక్క పడవవాడు పట్టుకోవాలని ముందే అతనికి చెప్పి పెట్టు.

మీ పెద్దమ్మ