ముందు డ్రిల్, తర్వాతే లేజర్

ప్రశ్న: డెంటల్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంప్లాంట్ సర్జరీ వైపు వెళ్లాలని ఉంది. కోత, నొప్పి లేకుండా లేజర్‌తో ఇంప్లాంట్లు పెట్టడం మూడు రోజుల్లో నేర్పుతామంటూ ఒక కోర్సు ప్రకటన చూశాను. డిగ్రీ చేతికి రాగానే ఇందులో చేరి సొంత ప్రాక్టీస్ మొదలుపెట్టవచ్చా? పీజీ తప్పదా? ఫిజిక్స్ అంటే మొదటి నుంచీ భయం, అదో టెన్షన్.

జవాబు: ముందు ఆ ప్రకటన సంగతి చూద్దాం. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ అని మీకు తెలిసిందే. దానికి సరిపడా వెడల్పు, లోతుతో ఎముకలో గుంత చేయాలి. ఈ పని ఇప్పటికీ దాదాపు అన్నిచోట్లా డ్రిల్‌తోనే జరుగుతోంది. ఎర్బియం అనే రకం లేజర్లు ఎముకను కోయగలవు, కాదనను. కానీ అది నెమ్మదిగా సాగే పని. డ్రిల్ దిగుతుంటే ఎముక ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తబడిందో చేతికి తెలుస్తుంది. ఎంత లోతుకు వెళ్లామో డ్రిల్ మీద గీతలే చెబుతాయి. లేజర్‌తో ఆ స్పర్శ అందదు, లోతు అంత తేలిగ్గా అదుపులో ఉండదు. కింది దవడలో నరానికి ఎంత దూరంలో ఆగాలో మిల్లీమీటర్లలో చూసుకునే పనిలో ఇది చిన్న లోటు కాదు. కాబట్టి ఎవరైనా ‘లేజర్ ఇంప్లాంట్’ అంటే, సర్జరీలో ఏ దశలో లేజర్ వాడుతున్నారని అడగండి. జవాబు ఎక్కువగా చిగురు దగ్గరే ఆగుతుంది.

చిగురు దగ్గర లేజర్ నిజంగానే అక్కరకొస్తుంది. రెండు దశల్లో చేసే సర్జరీలో ఇంప్లాంట్ పెట్టి, పైన చిగురు కుట్టేసి, ఎముక పట్టుకునేదాకా కొన్ని నెలలు ఆగుతారు. తర్వాత దాన్ని మళ్లీ తెరవాలి. డయోడ్ లేజర్‌తో తెరిస్తే రక్తం తక్కువ పోతుంది, చాలాసార్లు కుట్ల అవసరమూ రాదు. చూడటానికి ఎంత సులువుగా ఉంటుందో, పొరపాటు పడటానికీ అంతే సులువు. లేజర్ తాకిన కణజాలం ఆవిరైపోతుంది, తిరిగి రాదు. ఇంప్లాంట్ చుట్టూ గట్టి చిగురు సన్నటి పట్టీలా మాత్రమే మిగిలినప్పుడు దాన్ని కాల్చేయకూడదు. బ్లేడుతో కోసి పక్కకు జరిపి కాపాడుకోవాలి. ఏ రోగికి ఏది చేయాలో మెషీన్ చెప్పదు. మూడు రోజుల్లో ఎవరూ నేర్పలేరు కూడా. పీజీయో, సీనియర్ దగ్గర కొన్నేళ్ల పనో కావాలనేది అందుకే.

ఇంప్లాంట్ చుట్టూ ఇన్‌ఫెక్షన్ వచ్చి ఎముక కరిగే పెరి-ఇంప్లాంటైటిస్‌లో కూడా లేజర్ వాడతారు. స్క్రూ గాడుల మధ్య పేరుకున్న బ్యాక్టీరియాను తీయడానికి ఎర్బియం లేజర్లలో ఒకటైన ఎర్బియం యాగ్ పనికొస్తుంది. అయితే మామూలు పద్ధతుల కంటే దీర్ఘకాలంలో ఇది స్పష్టంగా మెరుగని పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. రోగికి మాట ఇచ్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఇక ఫిజిక్స్. భయపడేంత లేదు, వదిలేసేంత తక్కువా కాదు. ఏ తరంగదైర్ఘ్యాన్ని ఏది పీల్చుకుంటుందన్నదే అసలు పాఠం. సుమారు 800 నుంచి 1000 నానోమీటర్ల మధ్య పనిచేసే డయోడ్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్, చిగురులోని మెలనిన్ పీల్చుకుంటాయి. 2940 నానోమీటర్ల ఎర్బియం యాగ్‌ను నీరు బాగా పీల్చుకుంటుంది, పన్నులోనూ ఎముకలోనూ నీరుంది కాబట్టి అది వాటిని కోయగలదు. 1064 నానోమీటర్ల నియోడిమియం యాగ్ లేజర్‌ని ఇంప్లాంట్ మీద ప్రయోగిస్తే టైటానియం ఉపరితలమే కరిగి పాడవుతుంది. ఆ వేడి ఎముకకూ చేరుతుంది. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక నిమిషం భరిస్తే దెబ్బతింటుందని పరిశోధకులు ఎరిక్సన్, ఆల్బ్రెక్ట్‌సన్ 1983లో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో చూపారు. డ్రిల్ చేసేటప్పుడు చల్లటి సెలైన్ ఎందుకు పోస్తారో తెలిసినవారికి లేజర్ వేడి గురించి సగం పాఠం వచ్చేసినట్టే.

పీజీలో పెరియోడాంటిక్స్ (చిగుళ్ల వైద్యం), ఓరల్ సర్జరీ (నోరు, దవడల సర్జరీ), ప్రోస్థోడాంటిక్స్ (కట్టుడు పళ్ల వైద్యం) మూడింటి నుంచీ ఇంప్లాంట్లలోకి రావచ్చు. మీకు లేజర్ మీద కూడా ఆసక్తి ఉంది కాబట్టి నా ఓటు పెరియోకే. చిగురు, దాని కింది ఎముక రెండూ అక్కడే చేతికి వస్తాయి. ఎముక గ్రాఫ్టింగ్ (తగ్గిన చోట ఎముకను అతకడం) లాంటి పెద్ద కేసులు చేయాలనుంటే ఓరల్ సర్జరీ చూడండి. పీజీ కుదరకపోతే, రోజూ ఇంప్లాంట్లు పెట్టే సీనియర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి. దవడను 3డీలో చూపే సీబీసీటీ స్కాన్ చదవడం, ఫ్లాప్ (ఎముక కనపడేలా కోసి ఎత్తే చిగురు పొర) తెరవడం, కుట్లు వేయడం ముందు అక్కడ నేర్చుకోండి.

లేజర్ కోర్సు వద్దని కాదు, దాని వంతు తర్వాత వస్తుంది. చేరే ముందు కోర్సును నడిపేది ఎవరో చూడండి. మెషీన్ అమ్మే సంస్థే నడిపితే బటన్లు బాగా నేర్పుతారు, ఏ కేసులో వాడకూడదో అంతగా చెప్పరని నా అనుమానం. జంతువుల దవడల మీద సాధన ఉందా, తర్వాత ఎవరి పర్యవేక్షణలోనైనా రోగులకు చేయనిస్తారా అని అడగండి. డెమో చూడటానికి వెళ్తే కళ్లజోళ్లను గమనించండి. డెంటల్ సర్జరీ లేజర్లు ప్రమాద స్థాయిలో అన్నిటికంటే పైదైన నాలుగో తరగతివి, చూపును పోగొట్టగలవు. డయోడ్ కిరణం కంటికి కనపడకుండానే రెటీనాను కాల్చగలదు. జోడు మీద రాసిన తరంగదైర్ఘ్యమూ మెషీన్‌దీ ఒకటే కావాలి. డాక్టర్‌కీ, అసిస్టెంట్‌కీ, రోగికీ ముగ్గురికీ ఉండాలి. అది చూసుకోని చోట డబ్బు కట్టకండి. లేజర్ ఎవరు వాడవచ్చన్న నిబంధనలు దేశానికో రకంగా ఉంటాయి, మీకు లైసెన్స్ ఇచ్చే కౌన్సిల్‌ని ముందే అడగండి.

డిగ్రీ రాగానే అప్పు చేసి మెషీన్ మాత్రం కొనకండి. ఈ ఏడాది మీకు పెరియో పోస్టింగ్ మిగిలే ఉంటే, ఫ్లాప్ సర్జరీల్లో అసిస్ట్ చేస్తానని మీ మేడమ్‌నో సార్‌నో వచ్చే వారమే అడగండి.