మూత్రంలో యూరియా పెరిగితే జీవం ఆకలితో ఉన్నట్టేనా?

సందేహం: మంచులో పడ్డ మూత్రాన్ని పరీక్షించి జింకలు తిండి దొరక్క చిక్కిపోతున్నాయో లేదో చెబుతారని చదివాను. మా చూడి గొర్రెలు కొన్ని నీరసంగా కనిపిస్తున్నాయి. వాటి మూత్రంలో యూరియా చూపిస్తే మేత సరిపోతోందో లేదో తెలుస్తుందా?

సలహా: యూరియా అంకె ఒక్కటే పట్టుకుంటే మాత్రం మోసపోతారండీ. ఒంట్లో మాంసకృత్తులు విరిగినప్పుడు మిగిలే వ్యర్థమే యూరియా. మేతలో మాంసకృత్తులు తగ్గినప్పుడు నెమరువేసే జీవం యూరియాను బయటికి పోనివ్వదు, లాలాజలం ద్వారా, పెద్ద పొట్ట గోడ ద్వారా మళ్లీ పొట్టలోకే పంపి సూక్ష్మజీవులకు తిండిగా వాడుకుంటుంది, కాబట్టి మూత్రంలో యూరియా తగ్గుతుంది. ఆకలి ముదిరి కొవ్వు కూడా అయిపోయాక సొంత కండనే కరిగించుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు అదే యూరియా అమాంతం పెరుగుతుంది. చిక్కేమిటంటే, పప్పుజాతి పచ్చిమేత, నూనెగింజల చెక్క దండిగా తిన్న గొర్రెలోనూ పెరుగుతుంది! జింకల విషయంలో ఈ గందరగోళం తక్కువ, ఎందుకంటే చలికాలంలో మంచు కప్పేశాక వాటికి అంత బలమైన మేత దొరకడమే అరుదు.

పైగా మంచులో మూత్రం ఎంత పలచబడిందో తెలియదు కదా. అందుకే కండరాల నుంచి దాదాపు ఒకే వేగంతో వచ్చే క్రియాటినిన్‌తో పోల్చి లెక్కగడతారు. అమెరికాలోని మిన్నెసోటా జింకల మీద పనిచేసినవాళ్లు, యూరియాలోని నత్రజని క్రియాటినిన్‌కు 3.5 రెట్లు దాటితే ఆకలి తీవ్రంగా ఉన్నట్టు లెక్కేశారు. ఆ అంకెను మీ గొర్రెలకు అతికించకండి. అల్లంటోయిన్ అని ఇంకొకటి చూస్తారు, పొట్టలో సూక్ష్మజీవులు బాగా పెరిగితే అది పెరుగుతుంది, అంటే తిన్న మేతలో శక్తి ఎంతుందో చెబుతుంది. దానికి ల్యాబ్ కావాలి.

జింకను పట్టుకోలేరు కాబట్టి వాళ్లకు ఆ తంటా. మీ గొర్రె చేతికందేదే. చివరి పక్కటెముక వెనక నడుము మీద వేళ్లు పెట్టి నొక్కండి, ఉన్ని చూసి మాత్రం నమ్మొద్దు. వెన్నెముక మొనలు పదునుగా తగిలితే చిక్కినట్టే.

ఈనడానికి నెల, నెలన్నర ముందు, ముఖ్యంగా కడుపులో కవలలుంటే, కీటోన్ స్ట్రిప్ వాడండి. మేత చాలక గొర్రె ఒంటి కొవ్వును కరిగించుకుంటే మూత్రంలోకి వచ్చే కీటోన్లను రంగు మారి చూపే పట్టీ అది. పడుకున్న గొర్రెను లేపితే చాలావరకు వెంటనే పోస్తుంది, కప్పు సిద్ధంగా పెట్టుకోండి. స్ట్రిప్ లేత ఊదా రంగుకు మారితే గింజల దాణా రోజూ కొంచెం కొంచెంగా పెంచండి, ఒక్కసారిగా పోస్తే పొట్టలో ఆమ్లం పెరిగి అసలుకే మోసం. ముదురు ఊదా రంగు వచ్చి, గొర్రె మేత ముట్టకుండా మంద వెనక నిలబడిపోతుంటే దాణాతో ప్రయోగాలొద్దు, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.