ఫోన్ తీసినప్పుడు ఏ పేజీలో ఉన్నారు?

ప్రశ్న: నా వయసు 43. రాజమండ్రిలో హైస్కూలు సోషల్ టీచర్ని. రెండేళ్లు కష్టపడి ఒక నవల రాశాను, 310 పేజీలు వచ్చింది. ఫిబ్రవరిలో పూర్తయింది. ఇప్పుడు దిద్దుకుందామని రోజూ నాలుగున్నరకే లేస్తున్నాను. మొదటి పేజీ తెరిచి ఒక మాట మారుస్తాను, ఐదు నిమిషాల్లో చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. లేదా బాక్సులోకి బీరకాయలు తరగలేదని గుర్తొస్తుంది. ఆరున్నరకి చూసుకుంటే పనేమీ జరగదు, ఇక రోజంతా చిరాకు. ‘‘అయిపోయిందని స్వీట్లు కూడా పంచావుగా, ఇంకా ఏమిటి?’’ అంటారు మా ఆయన. ఆయనింకా నవల చదవలేదు. అందులో కొంత మా అత్తింటి కథే. నాది బద్ధకమా, అసలు రాయడమే చేతకాదా?

జవాబు: బద్ధకం ఉన్నవాళ్లు నాలుగున్నరకి లేవరమ్మా. ఆ మాట పక్కన పెట్టేద్దాం.

రాసేటప్పుడు కూర్చున్నప్పుడల్లా పేజీలు పెరిగేవి, కంటికి కనిపించేవి. దిద్దేటప్పుడు ఒక్కోరోజు ఉన్నవే తగ్గుతాయి. బాగా కష్టపడిన రోజే లెక్క వెనక్కి పోతే ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుంది? పేజీలు లెక్కపెట్టడం మానేయండి. ఇవాళ ఈ ఒక్క సీను, అందులో ఈ ఒక్క లోపం అనుకుని కూర్చోండి. మీ ఆయనకీ ఇది తెలియదు పాపం. నవలంటే ఒకసారి రాస్తే అయిపోతుందనే చాలామంది అనుకుంటారు. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అచ్చయిన ఆ నాటకాన్నే ఆయన చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మనమంతా చదివేది ఆ రెండోదే. ఈ సంగతి మీ ఆయన చెవిన వేయండి.

ఇక ఫోన్. సైలెంట్‌లో పెట్టి బల్ల మీదే ఉంచితే లాభం లేదు, వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి రండి. కూర్చోబోయే ముందు స్కూలు గ్రూపు చూడకండి. ఒక పని తేలకుండా ఇంకో పనిలోకి వెళ్తే మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. హెడ్మాస్టరు మెసేజ్‌కి జవాబివ్వకుండా నవల తెరిస్తే ఆ గంటంతా ఆయనే కళ్ల ముందు నిలబడతారు.

అయితే నా అనుమానం ఫోన్ మీద కాదు. ఉత్తరం చివర్లో రెండు చిన్న వాక్యాలు రాశారు: ఆయనింకా చదవలేదని, అత్తింటి కథ ఉందని. ఆ వెంటనే బద్ధకం గురించి అడిగి దాటేశారు. దిద్దడం అయిపోతే నవల బయటికి వెళ్లాలి. వెళ్తే ఇంట్లోవాళ్లు చదువుతారు. మొదటి పేజీ దగ్గరే తిరుగుతున్నంత కాలం ఆ రోజు రాదు.

నేననుకున్నది తప్పో ఒప్పో మీరే చూసుకోవచ్చు. పది రోజులు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పని వదిలి లేవాలనిపించినప్పుడల్లా ఏ పేజీలో ఉన్నారో ఆ నంబరు రాయండి, అంతే. నవలని మాత్రం మధ్యలోంచి తెరవండి, లేకపోతే బుక్కు నిండా ఒకటో పేజీయే ఉంటుంది. నంబర్లు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటే అది అలసట, నిద్ర చాలుతోందో లేదో చూసుకోండి. అత్తగారో తోడికోడలో వచ్చే చోటే గుంపుగా పడితే కారణం దొరికినట్టే.

అప్పుడు మీ ఆయనతో మాట్లాడాలి. అచ్చయ్యాక కాదు, ముందే. మొత్తం ప్రింటు చేతికిచ్చి చదవమనకండి. బాగా ఇబ్బంది పెడుతున్న ఒక్క అధ్యాయం మీరే చదివి వినిపించండి. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, ‘‘ఇందులో మనవాళ్ల పోలికలున్నాయి, ఇంకొకరి నోట వినేకంటే నా నోట వింటే మంచిదని’’ అనండి. కోపం రావచ్చు. అమ్మ గురించి రాస్తే ఏ కొడుక్కైనా గుచ్చుకుంటుంది. ఆ రాత్రే వాదనకి దిగకండి, రెండు రోజులు ఆగండి. ఊరు, ఉద్యోగం, వాళ్లు వాడే ఊతపదం లాంటివి మార్చినా కథకి నష్టం లేదనుకుంటే మార్చేయండి. కథకి ప్రాణమైన చోటు మాత్రం ఆయన కోసం తీసేయకండి. నవల మీద ప్రేమతో చెప్పట్లేదు, కాపురం సంగతే చెబుతున్నా. అలా మింగేసిన మాట ఎప్పుడో ఏదో గొడవలో బయటికొస్తుంది.

ఈలోగా, రేపటి బీరకాయలు రాత్రే ఆయన చేత తరిగించండి.