పరీక్షల ప్యాకేజీకా, బీమా ప్రీమియానికా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో చేయించిన పరీక్షల్లో, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. అమ్మానాన్నలిద్దరికీ షుగర్ ఉంది. ఏటా రూ.12 వేలు కడితే మా దంపతులిద్దరికీ ఫుల్ బాడీ చెకప్ చేస్తామని ఒక ఆసుపత్రి వారు అంటున్నారు. కంపెనీ బీమా తప్ప వేరే పాలసీ లేదు. ప్యాకేజీ తీసుకోవచ్చా? కొత్తగా పాలసీ తీసుకుంటే ఈ రిపోర్టు సంగతి చెప్పాలా?

జవాబు: ప్యాకేజీని పక్కన పెట్టి, ఆ డబ్బును సొంత ఆరోగ్య బీమా ప్రీమియానికి మళ్లించండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగానే లెక్కిస్తారు కాబట్టి మీరింకా గీతకు ఇవతలే ఉన్నారు, 6.5కు చేరి మధుమేహంగా తేలాక దరఖాస్తు చేస్తే ప్రీమియం పెరగవచ్చు, కొన్ని బీమా కంపెనీలు పాలసీ ఇవ్వడానికే నిరాకరించవచ్చు. కంపెనీ ఇచ్చే బీమా మామూలుగా ఉద్యోగంతోపాటే పోతుంది. పైగా వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు.

రిపోర్టు సంగతి తప్పకుండా చెప్పాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (వాటికి క్లెయిము చెల్లించని తొలి కాలం) మూడేళ్లకు మించకూడదని, ఐదేళ్లు ఆపకుండా పాలసీ కొనసాగిన తర్వాత మోసం రుజువైతే తప్ప వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. రిపోర్టు దాచిపెడితే, ఆ ఐదేళ్లలోపు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు అది బయటపడి క్లెయిము చేజారవచ్చు. ప్రపోజల్ ఫారాన్ని (పాలసీ దరఖాస్తును) చాలాసార్లు ఏజెంటే నింపి, ఆరోగ్య ప్రశ్నలన్నింటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తుంటారు. ఆ పేజీని మీరే చదివి, 6.1 అంకెను రాయించి, రిపోర్టు జతచేసి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి.

ఇక ప్యాకేజీ మాట. రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న ప్రయోగాలను పరిశీలించిన 2019 నాటి కొక్రేన్ (వైద్య ప్రయోగాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, లక్షణాలేవీ లేనివారికి చేసే సాధారణ చెకప్‌ల వల్ల మరణాలు తగ్గిన దాఖలా దాదాపుగా కనిపించలేదు. ఆ ప్రయోగాలు ఎక్కువగా సంపన్న దేశాలవన్న మాట నిజమే గానీ, మీ విషయంలో అసలు ప్రశ్న అది కాదు. సమస్య ఏమిటో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. మిగిలింది దాన్ని ఆపడం. అందుకు మనకు దగ్గరి ఆధారమే ఉంది. చెన్నైలో జరిగి 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, గ్లూకోజ్ పరీక్ష ద్వారా ముందు దశలో ఉన్నట్టు తేలిన 531 మందిని సుమారు మూడేళ్లు గమనించారు. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 55 శాతం మందికి మధుమేహం రాగా, ఆహారం, నడక విషయంలో వెంటపడి మార్పు చేయించినవారిలో అది 39 శాతానికి తగ్గింది. చేయించిందల్లా రోజూ కనీసం అరగంట చురుకైన నడక, తీపి, నూనె, పాలిష్ పట్టిన ధాన్యాల తగ్గింపు, నెలనెలా ఒక ఫోను. నా దృష్టిలో ఆ ఫోనే కీలకం. కాబట్టి ప్రీమియం కట్టాక కొంత మిగిలితే, నెలకోసారి మీ పళ్లెంలో అన్నం ఎంతో అడిగే డైటీషియన్‌కు ఫీజు కట్టండి. హెచ్‌బీఏ1సీ పరీక్షకయ్యేది కొన్ని వందలే. ఎన్నాళ్లకోసారి చేయించాలో, మందు అవసరమో కాదో మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

చెకప్‌తో పన్ను ఆదా అని ప్యాకేజీ అమ్మేవారు చెప్పే మాట సగమే నిజం. ఆదాయపు పన్ను పాత విధానంలో ముందస్తు పరీక్షలకు రూ.5 వేల వరకే మినహాయింపు. అది కూడా ప్రీమియానికి ఉన్న రూ.25 వేల పరిమితిలో భాగమే. కొత్త పన్ను విధానంలో ఉంటే ఏదీ వర్తించదు.

మీ శ్రీమతి గారి పరీక్షలకు ప్యాకేజీ అవసరం లేదు. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీకు దగ్గరలోని బస్తీ దవాఖానాలో అడిగి చూడండి.